గాలి మిషన్ కొన్నాక వచ్చే చిక్కులు: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోవడం వల్ల ఊపిరి పదే పదే ఆగిపోయే జబ్బును స్లీప్ అప్నియా అంటారని, మాస్క్ ద్వారా కొంత ఒత్తిడితో గాలిని పంపి ఆ దారి మూతపడకుండా చూసే సీప్యాప్ మిషన్ దానికి ప్రధాన చికిత్స అని ఈ శీర్షికలో ఇంతకుముందు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో జబ్బు గురించి అడిగినవి తక్కువ. మిషన్ కొని, కొన్ని రాత్రులు అవస్థపడి, బీరువాలో పెట్టేసిన వారివే ఎక్కువ. అవన్నీ చదివాక నాకు అర్థమైనదేమిటంటే, వాటిలో మిషన్ నిజంగా చెడిపోయిన ఇల్లు దాదాపు లేదు. తేడా అంతా మాస్క్‌లోనో, పైపులోనో, నీళ్ళలోనో, కరెంటులోనో ఉంది. అందుకే ఈసారి వాటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మావారికి 54 ఏళ్ళు. ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ఇచ్చారు. పడుకునేటప్పుడు బాగానే ఉంటుంది కానీ, అర్ధరాత్రి దాటాక పక్క నుంచి గాలి బుస్సుమంటూ కళ్ళలోకి కొడుతోంది. పట్టీలు బిగించి బిగించి ముక్కు దూలం మీద పుండు పడింది. వేరే మాస్క్ కొనమంటారా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అప్పుడే కొనకండి. పడుకోగానే బాగుండి అర్ధరాత్రి తర్వాత లీకు మొదలవుతోందన్నారు చూడండి, కారణాన్ని వెతకవలసింది అక్కడే. ఇప్పుడు చాలామందికి ఇస్తున్నవి ఆటో మిషన్లు. అవి తక్కువ ప్రెషర్‌తో మొదలై, గొంతు మూసుకుపోతున్నట్టు కనిపెట్టినకొద్దీ ప్రెషర్‌ను పెంచుకుంటూ పోతాయి. వెల్లకిలా తిరిగినప్పుడు, తెల్లవారుజాము వైపు కలల నిద్ర ఎక్కువైనప్పుడు ఆ అవసరం పెరుగుతుంది. ఈ ప్రెషర్‌ను నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలుస్తారు. అంటే మీవారు మంచం మీద కూర్చుని, 5 సెంటీమీటర్ల ప్రెషర్ దగ్గర సరిచూసుకున్న మాస్క్, 12 సెంటీమీటర్ల దగ్గర, దవడ జారిన ముఖం మీద నిలబడాల్సి వస్తోంది.

కాబట్టి మాస్క్‌ను పడుకునే భంగిమలోనే, మిషన్ నడుస్తుండగానే సరిచేసుకోవాలి. చాలా మిషన్లలో 'మాస్క్ ఫిట్' అనే ఏర్పాటు ఉంటుంది. దాన్ని నొక్కితే కాసేపు ఎక్కువ ప్రెషర్‌తో గాలి వస్తుంది. అప్పుడు పట్టీలన్నీ వదులు చేసి, మాస్క్‌ను ముఖం నుంచి కొద్దిగా ముందుకు లాగి, దాని అంచున ఉన్న సిలికాన్ కుషన్ గాలితో నిండనిచ్చి, మళ్ళీ నెమ్మదిగా ముఖం మీద ఆనించాలి. ఆ తర్వాత కుడి ఎడమలు సమానంగా, గాలి ఆగేంతవరకు మాత్రమే బిగించాలి. ఎంత బిగిస్తే అంత మంచిదనే నమ్మకమే ఇక్కడ చేటు తెస్తుంది. కుషన్ పని గాలితో ఉబ్బి చర్మానికి అంటుకోవడం. దాన్ని అణగదొక్కితే మడతలు పడి, ఆ మడతల్లోంచే గాలి పోతుంది. అప్పుడు ఇంకాస్త బిగిస్తాం, చివరికి పుండు పడుతుంది.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి, వాటిని మిషన్ అమ్మేవారు సాధారణంగా చెప్పరు. తలకు కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే ఆ నూనె పట్టీలకు పట్టి, అవి సాగి, రాత్రి పొడవునా కొంచెం కొంచెంగా జారుతాయి. నూనె ఉదయం స్నానానికి ముందు పెట్టుకోవచ్చు. పట్టీలను వారానికి ఒకసారి గోరువెచ్చని నీళ్ళలో, ఘాటులేని సబ్బుతో చేత్తోనే ఉతికి నీడలో ఆరేయండి. కుషన్‌ను మాత్రం రోజూ కడగాలి, ముఖం కడుక్కున్నాకే మాస్క్ పెట్టుకోవాలి, క్రీమూ వాజిలీనూ రాయకూడదు. గుబురు మీసం ఉంటే దాని మీదుగా గాలి పోతుంది. మీసం తీయడం ఇష్టం లేని వారికి ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నాసల్ పిల్లోస్ రకం కుదురుతుందేమో చూడాలి. కట్టుడు పళ్ళున్నవారు పళ్ళతో మాస్క్ సరిచూసుకుని, తర్వాత వాటిని తీసి గిన్నెలో పెట్టి పడుకుంటారు. పళ్ళు తీస్తే బుగ్గలు లోపలికి పోయి ముఖం ఆకారమే మారుతుంది కదా! పళ్ళు తీసేవారు తీశాకే సరిచూసుకోవాలి.

ఇక పుండు మానేదాకా ఆ మాస్క్ ఆ చోట ఆనకూడదు. షుగర్ ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. అంతవరకు ముక్కు దూలాన్ని తాకని రకం మాస్క్‌ను మీకు మిషన్ ఇచ్చినవారు సర్దగలరేమో అడగండి. ఇన్ని చేసినా లీకు ఆగకపోతే, లేదా కుషన్ పచ్చబడి గట్టిపడి ఉంటే, అప్పుడు మార్చవచ్చు. చాలాసార్లు కుషన్ ఒక్కటి మారిస్తే చాలు. ఇంకొక్క మాట. మాస్క్ ముందు భాగంలో సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి గాలి వస్తోందని ప్లాస్టర్ అంటించినవారు ఉన్నారు. మనం వదిలిన గాలి బయటికి పోయే దారి అదే. దాన్ని ఎన్నడూ మూయకూడదు.

ప్రశ్న: రాత్రి పైపులో గుడగుడమని చప్పుడు వచ్చి, నీటిచుక్కలు ముక్కులో పడి మెలకువ వస్తోంది. హ్యుమిడిఫయర్ చెడిపోయిందా? మేము ఏసీ వేసుకుని పడుకుంటాం.
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఏమీ చెడలేదు. హ్యుమిడిఫయర్‌లో, అంటే గాలికి తేమ కలిపే నీటి డబ్బాలో వెచ్చబడిన తేమగాలి, ఏసీ చల్లదనానికి చల్లబడిన పైపు గుండా వస్తూ లోపలి గోడల మీద నీరుగా మారుతోంది. తేమ అంకెను ఒకటి రెండు మెట్లు తగ్గించి చూడండి. పైపును దుప్పటి కిందుగా తెచ్చుకోండి. మిషన్‌ను మంచం కంటే తక్కువ ఎత్తులో పెడితే ఏర్పడిన నీరు ముఖం వైపు రాకుండా వెనక్కి జారుతుంది. ఏసీ గాలి సూటిగా పైపు మీద పడకుండా కూడా చూసుకోండి. ఇవేవీ పని చేయకపోతే మీ మిషన్‌కు సరిపోయే వేడి పైపు తీసుకోవచ్చు. హ్యుమిడిఫయర్‌ను పూర్తిగా ఆపేయడం మాత్రం తొందరపాటు. ఏసీ గదిలో గాలి అసలే పొడిగా ఉంటుంది, ముక్కు ఎండి దిబ్బడ వేస్తే నోటితో ఊపిరి పీల్చడం మొదలవుతుంది.

ప్రశ్న: మాది బోరు నీళ్ళ ఊరు. హ్యుమిడిఫయర్ డబ్బా అడుగున తెల్లని పొర గట్టిగా పేరుకుంది. ఆ తెలుపు ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయంగా ఉంది. ఆర్‌వో నీళ్ళు పోయవచ్చా? ఇన్వర్టర్ బ్యాటరీ నీళ్ళు పోయమని ఒకరు చెప్పారు.
– ఓ సోదరి, నల్గొండ

జవాబు: ముందు భయం తీరుస్తాను. ఈ డబ్బా నీళ్ళను తుంపరలుగా చిమ్మదు, వేడి చేసి ఆవిరిగా గాలిలో కలుపుతుంది. ఆవిరితో పాటు లవణాలు పైకి రావు, డబ్బాలోనే మిగులుతాయి. మీరు చూస్తున్న తెల్లని పొర అదే. దాని వల్ల డబ్బా పాడవుతుంది, అడుగున ఉన్న లోహపు పలక సరిగా వేడెక్కదు. ఒక వంతు తెల్ల వెనిగర్‌కు పది వంతుల నీళ్ళు కలిపి అరగంట నానబెట్టి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగితే పొర చాలావరకు వదులుతుంది. పీచుతో గీకవద్దు.

కంపెనీలు పోయమనేది డిస్టిల్డ్ వాటర్. ఆర్‌వో నీటిలో లవణాలు తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. అయినా బోరు నీటి కంటే ఎంతో నయం. డిస్టిల్డ్ వాటర్ దొరకని రోజున ఆర్‌వో నీటిని మరిగించి చల్లార్చి పోసుకోండి. బ్యాటరీ నీళ్ళంటారా, వాటిని లవణాలు లేకుండా చేస్తారు గానీ, మనిషి పీల్చే గాలికి పనికొచ్చేంత సూక్ష్మజీవుల శుద్ధి ఉందని ఆ సీసా మీద ఎవరూ హామీ ఇవ్వరు. నేనైతే మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ అడిగి తెచ్చుకోమంటాను.

మీరు భయపడాల్సింది తెల్లపొర కంటే నిన్నటి నీటికి. రాత్రి మిగిలిన నీళ్ళలోనే మళ్ళీ నీళ్ళు పోసి నింపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. గోరువెచ్చగా నిలవ ఉన్న నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. పొద్దున లేవగానే నీళ్ళు పారబోసి, డబ్బా మూత తీసి ఆరబెట్టండి. జలుబు చేసింది కదా అని నీలగిరి తైలమో, కర్పూరమో, బామో అందులో వేయడం కూడా తగదు.

ప్రశ్న: మా పల్లెలో రాత్రి పూట కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. మా మామగారి మిషన్ ఆగిపోతే ఆయనకు ఊపిరాడదేమోనని ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఇన్వర్టర్ ఉంది కానీ, కరెంటు పోయిన ప్రతిసారీ మిషన్ ఆగి మళ్ళీ మొదలవుతోంది.
– ఓ పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మిషన్ ఆగినంత మాత్రాన మీ మామగారికి ఊపిరి అందకుండా పోదు. ఫుల్ ఫేస్ మాస్క్‌లకు గాలి ఆగగానే తెరుచుకుని గది గాలిని లోపలికి రానిచ్చే చిన్న వాల్వు ఉంటుంది. ముక్కుకు మాత్రమే పెట్టే మాస్క్ అయితే నోరు తెరిచి పీల్చుకోవచ్చు. ఆ వాల్వు మురికి పట్టి అతుక్కుపోకుండా మాస్క్ కడిగినప్పుడల్లా చూసుకోండి. కరెంటు రావడం ఆలస్యమైతే మాస్క్ తీసేసి, ఆయన్ను పక్కకు తిరిగి పడుకోమనండి; వెల్లకిలా కంటే పక్కకు పడుకుంటే చాలామందికి గొంతు మూసుకుపోవడం తగ్గుతుంది.

ఇన్వర్టర్ విషయానికొస్తే, చాలావాటికి వెనుక వైపు మామూలు మోడ్, యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారేటప్పుడు క్షణంలో కొంత భాగం సరఫరా తెగుతుంది. ఫ్యానుకు అది తెలియదు, మీ మిషన్‌కు తెలుస్తోంది. యూపీఎస్ మోడ్‌కు మార్చి చూడండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో కూడా కనుక్కోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద, ముఖ్యంగా హ్యుమిడిఫయర్‌తో కలిపి ఈ మిషన్లను నడపడం మంచిది కాదు. కరెంటు ఎక్కువగా తినేది గాలి మోటారు కాదు, నీటిని వేడి చేసే హ్యుమిడిఫయరూ వేడి పైపూ. కోతలున్న రాత్రి ఆ రెంటినీ ఆపేస్తే అదే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది. కొన్ని మిషన్లు 24 వోల్టుల మీద, కొన్ని 12 వోల్టుల మీద నడుస్తాయి కాబట్టి, ఊరి మెకానిక్ చేత బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు కలిపించే పని మాత్రం చేయకండి. దానికి కంపెనీ కన్వర్టర్ వేరే ఉంటుంది.

ప్రశ్న: పొద్దున లేచేసరికి కడుపు ఉబ్బి, త్రేన్పులు వస్తున్నాయి. గురక పూర్తిగా పోలేదని ఇంట్లో వాళ్ళు అంటే, ఒక వీడియో చూసి ప్రెషర్ 9 నుంచి 14కు నేనే పెంచుకున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. ఒత్తిడి అవసరానికి మించినప్పుడు గాలిలో కొంత అన్నవాహిక ద్వారా కడుపులోకి పోతుంది. మీరు చేసిన మార్పు 5 సెంటీమీటర్లు, ఇది చిన్నది కాదు. వైద్యులు వాడే మెనూలోకి ఎలా వెళ్ళాలో వీడియోలో చూపించినవారు, మీ గురక ప్రెషర్ చాలక వస్తోందా, నోరు తెరుచుకుని గాలి పోవడం వల్ల వస్తోందా అని మిమ్మల్ని అడగలేదు కదా. నోటి నుంచి గాలి పోతుంటే ప్రెషర్ పెంచినకొద్దీ లీకే పెరుగుతుంది. పాత అంకెకు తిరిగి వెళ్ళండి. మిషన్‌లోని కార్డును గానీ, ఫోన్ యాప్‌లోని వివరాలను గానీ మీ డాక్టరుకు చూపించండి. ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్‌ను కాస్త తగ్గించే సదుపాయం ఉంటుంది, కొన్ని మిషన్లలో అది 3 సెంటీమీటర్ల దాకా తగ్గిస్తుంది. అది మీకు తగునో లేదో ఆయన చెబుతారు. ఆలోపు రాత్రి భోజనం పెందలాడే ముగించి, తలవైపు కొంచెం ఎత్తు చేసుకుని ఎడమ పక్కకు పడుకోండి. ఉబ్బరంతో పాటు తీవ్రమైన కడుపునొప్పి గానీ వాంతులు గానీ ఉంటే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: నా మిషన్ తెరమీద ఏహెచ్‌ఐ 2.8 అని వస్తోంది. పరీక్షలో 41 ఉండేది. డాక్టరు గారు చాలా బాగుందన్నారు. అయినా మధ్యాహ్నం కునుకు ఆగడం లేదు. నేను లారీ నడుపుతాను.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏహెచ్‌ఐ అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క. 30 దాటితే తీవ్రమైన జబ్బుగా పరిగణిస్తాం. చికిత్సలో 5 కంటే తక్కువ ఉండాలని చూస్తాం. ఆ రకంగా 2.8 మంచి అంకె. కానీ మిషన్ తాను నడిచిన గంటలకే లెక్క వేస్తుంది. మీరు 11 గంటలకు పెట్టుకుని తెలియకుండానే రెండింటికి తీసేసి ఉంటే, తెరమీద కనిపించేది ఆ మూడు గంటల సంగతి మాత్రమే. తెల్లవారుజామున వచ్చే కలల నిద్రలో చాలామందికి ఈ జబ్బు ముదురుతుంది, ఆ భాగమంతా మిషన్ లేకుండానే గడిచిపోతుంది. కాబట్టి ఏహెచ్‌ఐ కంటే ముందు వాడిన గంటలు చూడండి. నిద్రలో మాస్క్ తీసేస్తున్నారని తేలితే, తీసేయడానికి ముందు అరగంటలో లీకు గ్రాఫ్ ఎలా ఉందో మీ మిషన్ సాంకేతికుడిని చూడమనండి. అక్కడ గీత పైకి లేచి ఉంటే కారణం మాస్క్. లీకు లేకుండా ప్రెషర్ మాత్రమే పెరిగి ఉంటే కారణం వేరు. ముక్కు దిబ్బడ ఉన్నవారు కూడా ఊపిరాడనట్టుగా అనిపించి నిద్రలోనే మాస్క్ లాగేస్తుంటారు.

గంటలు కూడా సరిగా ఉంటే, ఆ 2.8లో ఎక్కువ భాగం గొంతు తెరిచి ఉండగానే ఆగిన ఊపిరిదా అన్నది డాక్టరు చూడాలి. మిషన్ దాన్ని వేరుగా రాస్తుంది. కొందరిలో చికిత్స మొదలుపెట్టిన కొత్తలో అలాంటివి కనిపించి కొన్ని వారాల్లో, నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. గుండె జబ్బు ఉన్నవారిలో వాటిని తేలికగా తీసుకోకూడదు. థైరాయిడ్, రక్తహీనత, జలుబుకు వేసుకునే మాత్రలు, రాత్రి ట్రిప్పుల వల్ల చాలని నిద్ర, ఇవన్నీ కూడా కునుకుకు కారణాలే. ఏది ఏమైనా, ఈ కునుకు తేలేదాకా స్టీరింగ్ పట్టుకోవద్దు. బతుకుతెరువు సంగతి తెలిసే చెబుతున్నాను.

ప్రశ్న: 2018లో కొన్న డ్రీమ్‌స్టేషన్ మిషన్ ఒకటి తక్కువ ధరకు వస్తోంది. చూడ్డానికి కొత్తదానిలా ఉంది, ఓజోన్ పెట్టెలో శుభ్రం చేశామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ ఈ మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌తో సహా పలు మిషన్లను వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించేందుకు లోపల పెట్టిన ఒక రకం ఫోమ్ శిథిలమై, దాని రేణువులూ, అందులోంచి వెలువడే వాయువులూ గాలి దారిలోకి రావచ్చన్నది కారణం. ఈ పిలుపు 2021 ఏప్రిల్ 26కు ముందు తయారైన మిషన్లకు వర్తిస్తుంది. మీకు వచ్చిన బేరం సరిగ్గా ఆ కాలానిదే. పైగా ఓజోన్ శుభ్రత ఆ ఫోమ్‌ను మరింత త్వరగా పాడుచేయగలదని కంపెనీయే చెప్పింది. అంతకు ముందే 2020 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ మిషన్లకు ఓజోన్, అతినీలలోహిత పరికరాలు వాడటం గురించి హెచ్చరించింది. అమ్మేవారు గొప్పగా చెప్పిన ఆ మాటే మీరు వెనకాడవలసిన కారణం.

వేరే పాత మిషన్ చూస్తే మోడల్, సీరియల్ నంబర్లను కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి, మోటారు ఎన్ని గంటలు నడిచిందో మెనూలో చూడండి, ఫిల్టరు తీసి వాసన చూడండి. సిగరెట్ వాసన, అగరొత్తుల పొగ వాసన లోపలికి పట్టి ఉంటే ఎంత కడిగినా పోదు. మాస్క్, పైపు, నీటి డబ్బా, ఫిల్టరు కొత్తవే కొనాలి. ఆ మిషన్‌లో ఉన్న ప్రెషర్ పాత యజమానిదని, మీది కాదని మరవకండి.

ప్రశ్న: మా అత్తయ్యకు పేస్‌మేకర్ ఉంది. మామయ్య మాస్క్ పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులున్నాయి. పక్కపక్కనే పడుకుంటారు, పర్వాలేదా?
– ఓ సోదరి, బెంగళూరు

జవాబు: మంచి ప్రశ్న, చాలామందికి తట్టనిది. అలాంటి పరికరం ఉన్నవారికి ఆ అయస్కాంతాలు కనీసం 6 అంగుళాల దూరంలో ఉండాలని తయారీదారులు చెబుతున్నారు. మాస్క్ పెట్టుకునేవారికే కాదు, పక్కన పడుకునేవారికీ ఇది వర్తిస్తుంది. నిద్రలో దూరం కొలుచుకోలేం కనుక, అయస్కాంతం లేని మాస్క్‌కు మార్చేయండి.

ప్రశ్న: అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకు వెళ్తున్నాను. అక్కడ 120 వోల్టులట. మిషన్ పని చేస్తుందా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మిషన్ అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉంటే పని చేస్తుంది, అక్కడి సాకెట్‌కు సరిపోయే చిన్న ప్లగ్ ఉంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మిషన్‌ను చెక్-ఇన్ సామానులో వేయకుండా చేతిసంచిలోనే పట్టుకెళ్ళండి, డాక్టరు ఉత్తరం దగ్గర ఉంచుకోండి. నీటి డబ్బాను ఖాళీ చేసి ఆరబెట్టాకే సర్దండి, వంగినప్పుడు నీళ్ళు మోటారులోకి పోతే మరమ్మతు కష్టం. అక్కడ మాస్క్ కొనాలన్నా అక్కడి డాక్టరు చీటీ అడుగుతారు. కాబట్టి ఒక అదనపు కుషన్, ఒక జత పట్టీలు, ఆరు నెలలకు సరిపడా ఫిల్టర్లు ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి.